సీటు మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి, సూర్యాపేటల్లోనూ, బెంగళూరు రహదారి మీద జడ్చర్ల వైపునా సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఖరీదైన కార్లు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. వాటిలో డ్రైవరు సీటు మోటార్లతో కదులుతుంది. ఒకటి, రెండు అని అంకెలున్న బటన్ నొక్కితే ముందే అమర్చుకున్న కొలతకు తనంతట తానే వెళ్లి ఆగుతుంది. ఈ మెమరీ సీటు మొరాయించినప్పుడు, లోపం ఎక్కడుందో పరీక్షించకుండానే వేల రూపాయల భాగాలు మార్చేస్తున్న తీరు గురించి, ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసిన వాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

మిర్యాలగూడలో రైసు మిల్లు నడిపే మా బంధువు కారులో సీటు బటన్ నొక్కితే రెండు వేళ్ల మేర జరిగి ఆగిపోయేది. హైదరాబాదులోని ఒక సర్వీసు కేంద్రం వారు స్కానరు (లోపాన్ని కోడు రూపంలో చూపే పరికరం) పెట్టి, మాడ్యూలు (సీటు మోటార్లను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందనీ, మోటారుతో సహా మార్చాలనీ ఎస్టిమేటు ఇచ్చారు. నిజానికి స్కానరు చూపిన కోడులో మాడ్యూలు ప్రస్తావనే లేదు. ముందుకూ వెనక్కూ జరిపే మోటారు దగ్గరి సెన్సారు నుంచి సంకేతం అందడం లేదని మాత్రమే ఉంది. సీటు ఎంత దూరం జరిగిందో మాడ్యూలుకు తెలిసేది ఆ సెన్సారు పంపే పల్సులను, అంటే చిన్న విద్యుత్ సంకేతాలను, లెక్కపెట్టుకోవడం వల్లనే. పల్సులు రాకపోతే సీటు దేనికో అడ్డం తగిలిందని భావించి, చాలా కార్లలో మాడ్యూలు మోటారును క్షణంలో ఆపేస్తుంది. అంటే ఆ ఆగిపోవడం మాడ్యూలు సరిగా పనిచేస్తోందనడానికే సూచన.

బ్యాటరీ నెగెటివ్ తీసి, కొంతసేపు ఆగి, సీటు బోల్టులు విప్పి వెనక్కి వాల్చి చూస్తే, సీటు జరిగే పట్టాల పక్కన వైర్లు వంగే చోట తొడుగు నిండా ఊక దుమ్ము పేరుకుని ఉంది. సెన్సారుకు వెళ్లే వైర్లలో ఒకదాని పైపొర చెక్కుచెదరలేదు కానీ, వేలితో లాగితే రబ్బరులా సాగింది. లోపలి రాగి పోగులు ఎప్పుడో తెగిపోయాయి. తెగినచోట కొత్త వైరు ముక్క వేసి సోల్డరింగ్ చేసి, ట్యూబు తొడిగి, పట్టాకు తగలకుండా కట్టడంతో పని పూర్తయింది. మిల్లుల దగ్గర ఊక, మహబూబ్‌నగర్ వైపు చల్క నేలల దుమ్ము, వానాకాలంలో కార్పెట్ కిందికి చేరే నీళ్లు, ఇవన్నీ సీటు కింద వైర్లను కలిపే కప్లర్లకు శత్రువులే. బత్తాయి తోటల్లో కారు నిలిపేవారికి వైర్లు కొరికే ఎలుకల సంగతి నేను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

తెలిసిన మెకానిక్ మొదట గమనించేది ఏ కదలిక ఆగింది, ఎటువైపు ఆగింది అన్నది. అన్ని కదలికలూ ఒక్కసారే ఆగితే ఫ్యూజును, సీటుకు వచ్చే సప్లైని, మైనస్ వైరును కారు బాడీకి బిగించే ఎర్త్ బోల్టును చూడాలి. ఈ మోటార్లు ప్లస్, మైనస్ తారుమారు చేస్తే వెనక్కి తిరిగే రకం కనుక, సీటు ముందుకు వెళ్లి వెనక్కి రానప్పుడు మోటారును అనుమానించడం వృథా. స్విచ్ కాంటాక్టో, రిలేయో, మాడ్యూలులో ఆ దిక్కుకు కరెంటు ఇచ్చే భాగమో చూడాలి. కొన్ని కార్లలో స్విచ్ నుంచి కరెంటు నేరుగా మోటారుకు పోతుంది, మరికొన్నింటిలో స్విచ్ మాడ్యూలుకు సంకేతం మాత్రమే పంపుతుంది కాబట్టి ఆ మోడలు వైరింగ్ డయాగ్రం లేకుండా పనికి దిగకూడదు. స్విచ్‌తో అన్నివైపులా హాయిగా కదులుతూ మెమరీ ఒక్కటే పనిచేయకపోతే మోటారు జోలికి పోనక్కర్లేదు. బండి నడుస్తుండగా మెమరీ పనిచేయకుండా కంపెనీలే కట్టడి పెడతాయి. తలుపు స్విచ్ నుంచో, గేరు నుంచో తప్పుడు సంకేతం అందినా సీటు కదలదు. బ్యాటరీ తీసి పెట్టాక కొన్ని మోడళ్లలో సీటును ప్రతి దిక్కునా చివరిదాకా జరిపి స్థానాలు మళ్లీ నేర్పాలి. పైసా ఖర్చులేని ఈ పనికి కూడా కొత్త మాడ్యూలు బిల్లు వేసిన సందర్భాలు నాకు తెలుసు.

మీటరులో 12 వోల్టులు కనిపించగానే సప్లై బాగుందని తేల్చేయడం మరో పొరపాటు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, మోటారు తిరగబోయే సరికి చతికిలబడుతుంది. స్విచ్ నొక్కి పట్టుకున్నప్పుడే కొలవాలి. అప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కూ సీటు ఎర్త్‌కూ మధ్య అర వోల్టు దాటి కనిపిస్తే ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకాలి. అయితే సెన్సారు వైర్ల మీద బల్బు టెస్టరు పెట్టకూడదు. అది లాగే కరెంటుకు మాడ్యూలు దెబ్బతినవచ్చు. పసుపుపచ్చ కప్లర్ సీటు పక్కనుండే ఎయిర్‌బ్యాగుది. దాన్ని మీటరుతో గానీ టెస్టరుతో గానీ తాకనే కూడదు.

తప్పంతా మెకానిక్‌లదే అనను. డయాగ్రాలు కంపెనీ షోరూముల గడప దాటవు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చినా, నల్లగొండ షెడ్డులో పనిచేసే కుర్రవాడి చేతికి సీటు వైరింగ్ కాగితం ఇంకా రాలేదు. తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. ఈ కేంద్రాల్లో కార్ల విభాగమున్న ప్రతిచోటా స్క్రాపులో దొరికే ఒక పవర్ సీటును బల్ల మీద బిగించి, 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, లోపాలు కావాలనే పెట్టి విద్యార్థుల చేత వెతికించాలని ఉపాధి, శిక్షణ శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇక యజమానులు చేయగలిగింది ఒకటుంది. మాడ్యూలు మార్చాలని చెప్పినప్పుడు, స్కానరులో వచ్చిన కోడు, సప్లై, ఎర్త్, సెన్సారు కొలతలు సర్వీసు కేంద్రం వారి జాబ్ కార్డు మీద రాసివ్వమని అడగండి; మార్చిన పాత భాగాన్ని వెనక్కి తీసుకోండి. రాసివ్వడానికి నిరాకరించి బిల్లు మాత్రం వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు,
నల్లగొండ