మా ఊరి నీళ్ల కోసం తీర్మానాలు చేసిన పక్క పంచాయతీలకు కృతజ్ఞతలు

మునుగోడు వైపు ఉన్న మా ఊరి చివరి వాడకు, ఎస్సీ కాలనీకి కృష్ణా నీళ్లు ఇప్పుడు రోజూ అందుతున్నాయి. కొత్త సంపు, బూస్టరు మోటార్లు, మార్చిన పైపులైను అన్నీ రాష్ట్ర ప్రభుత్వ నిధులతో పూర్తయ్యాయి. ఆ నిధులు మంజూరు కావాలని మాతో పాటు అడిగిన పక్క పంచాయతీల సర్పంచులకు, వార్డు సభ్యులకు, గ్రామసభల్లో చేయెత్తిన ప్రతి ఒక్కరికీ మా ఊరి తరఫున నమస్కారాలు.

ఇంటింటికీ నల్లా నీళ్లు ఇచ్చే రాష్ట్ర పథకం మిషన్ భగీరథ లైనులో మా ఊరు చిట్టచివరిది. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అందించాలన్నది ఆ పథకం లెక్క. మొదట్లో నీళ్లు బాగానే వచ్చాయి. తర్వాత దారి పొడవునా ఇళ్లు పెరిగాయి, పైపులు లీకయ్యాయి, పై ఊళ్ల ట్యాంకులు నిండేసరికి మా వైపు ఒత్తిడి పడిపోయేది. మా నల్లాల్లో సన్నని ధార, అదీ కొన్నాళ్లే.

నల్లా ఆగితే మా దగ్గర ఏమవుతుందో నల్లగొండ జిల్లా వారికి చెప్పనక్కర్లేదు. బయటివారి కోసం రాస్తున్నాను. జనం పాత బోరింగుల వైపు వెళ్తారు. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఇక్కడి కొన్ని బోర్లలో దానికి రెండు మూడింతలు కూడా ఉంటుంది. కంటికి కనిపించదు, మరిగించినా పోదు. ఎదిగే పిల్లల పళ్ల మీద మచ్చలుగా, పెద్దల్లో బిగుసుకున్న కీళ్లుగా, వంగిన నడుముగా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఈ నీటి గోడు దేశానికి వినిపించడానికే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అంత పోరాడి తెచ్చుకున్న నీళ్లు ఊరి పొలిమేరదాకా వచ్చి ఆగిపోతే, మళ్లీ బోరింగు కొడుతున్న తల్లులను చూసి మనసు కలిచివేసింది.

పంచాయతీ తనకు చేతనైనంత చేసింది. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 30 శాతం తాగునీటికి కేటాయించాల్సి ఉండేది. చిన్న పంచాయతీకి వచ్చిన ఆ డబ్బు మోటారు మరమ్మతులకు, లీకేజీలకు సరిపోతే గొప్ప. కిలోమీటర్ల కొద్దీ లైను మార్చడం, సంపు కట్టడం రాష్ట్రం చేయవలసిన పనులు. మేము ఒక్కరమే అర్జీ పెడితే అది ఒక ఊరి ఫిర్యాదుగానే మిగిలిపోయేది.

అప్పుడు పై ఊళ్ల వారు ముందుకు వచ్చారు. వారికి నీళ్లు వస్తున్నాయి. మా లైను బాగుపడితే తమ వాటా తగ్గుతుందేమోనని వారి గ్రామసభల్లో అనుమానాలు కూడా వచ్చాయి, అది సహజమే. అయినా ఒకరి తర్వాత ఒకరు తీర్మానం చేశారు. అందరి తీర్మానాలూ కలిసి వెళ్లడంతో ఇంజినీర్లు మా ఊరికి మాత్రమే కాకుండా మొత్తం లైనుకు అంచనా వేశారు. దానితో పైన ఉన్న ఊళ్ల లీకేజీలకూ మోక్షం కలిగింది. సంపుకు అనువైన ఎత్తయిన స్థలం మా పరిధిలో లేకపోతే, ఎగువ పంచాయతీ తన పరిధిలోని ప్రభుత్వ స్థలంలో కట్టుకోవడానికి సమ్మతి తెలిపింది. తమ సిమెంటు రోడ్లు తవ్వడానికి ఒప్పుకుంది. కొత్తగా వేసుకున్న రోడ్డును పక్క ఊరి పైపు కోసం తవ్వనివ్వడం ఎంత పెద్ద మనసో ఊళ్లో ఉండేవారికే తెలుస్తుంది.

ఆ తీర్మానాలు చేసిన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. తర్వాత 2025 డిసెంబరు ఎన్నికల వరకు ప్రత్యేకాధికారుల పాలన సాగింది. మధ్యలో మా ఫైలు ఎక్కడ ఆగిందో, ఎవరిని అడగాలో తెలియక సతమతమయ్యాం. పదవి పోయిన సర్పంచులు కొందరు ఆ సమయంలో కూడా మా వెంట కార్యాలయాలకు వచ్చారు. ఏ ఓటూ ఆశించకుండా వచ్చిన వారికి ఈ కృతజ్ఞతల్లో మొదటి వాటా. పాత తీర్మానాలు రిజిస్టర్లలో భద్రంగా ఉంచి, అడిగిన ప్రతిసారీ నకళ్లు ఇచ్చిన పంచాయతీ కార్యదర్శులకు కూడా.

నిధులు మంజూరు చేసిన రాష్ట్ర ప్రభుత్వానికి, లైను వెంట నడిచి కొలతలు తీసిన ఇంజినీర్లకు, ఎండలో కందకాలు తవ్విన కూలీలకు, వేళకు వాల్వులు తిప్పుతున్న పంచాయతీ కార్మికులకు ధన్యవాదాలు.

సంపుకు చోటిచ్చిన ఎగువ ఊరిలో ఓవర్‌హెడ్ ట్యాంకు పెచ్చులూడి పాతబడింది. దాని స్థానంలో కొత్తది మంజూరు చేయాలని వారు అడుగుతున్నారు. ఆ కోరికను బలపరిచే తీర్మానం మా వచ్చే గ్రామసభ ఎజెండాలో మొదటి అంశం. మా ఊరి వారందరూ తప్పకుండా రావాలి.