వాడి బడి, నీ ఉద్యోగం

అవనిగడ్డ,
జూలై 6.

చి.ల.సౌ. స్వాతికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. కాలవకి నీళ్ళు వదిలారు. మీ నాన్నగారు రోజూ పొద్దున్నే వెళ్ళి చూసొచ్చి, పొలం ఎప్పుడో కౌలుకిచ్చేసినా, ఎంత ఎత్తున పారుతోందో నాకు చెప్తూనే ఉన్నారు.

చిన్నోణ్ణి బడి మాన్పించి ఇంట్లోనే చదివించనా అని మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి "చూద్దాంలే" అని దాటేశాను. వాడు నీ పక్కనే కూర్చుని రంగులేసుకుంటున్నాడు. వాడి సంగతి వాడి ముందే తేల్చడం నాకిష్టం లేదు. వాడు తలెత్తలేదు గానీ చెవులన్నీ మన దగ్గరే ఉన్నాయి. ఉద్యోగమంతా పిల్లల మధ్యే గడిపినదాన్ని, వినని పిల్లాడెవడో, విననట్టు నటించే పిల్లాడెవడో నాకు తెలుస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నాన్నగారు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. నువ్వూ అల్లుడుగారూ కలిసి చదవండి.

ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పడం అయ్యే పని కాదని నేననను. మా ఏకోపాధ్యాయ పాఠశాల నీకు తెలుసుగా. 77 తుఫాను తర్వాత కట్టిన షెల్టరే బడి. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒకే హాల్లో. మూడో తరగతిని ఎక్కాలు అప్పజెప్పుకోమని, ఒకటో తరగతి చేత పలక మీద దిద్దించి, అయిదో తరగతిలో ఓ గట్టి పిల్లని లేపి రెండో తరగతికి వాచకం చదివించమనేదాన్ని. ఒక్కో పిల్లాడికి విడిగా నేనిచ్చిన సమయం రోజుకి పది నిమిషాలుంటే గొప్ప. అయినా వాళ్ళకి చదవడం, రాయడం వచ్చాయి. నువ్వు ఎంటెక్ చదివినదానివి, నీకున్నది ఒక్క పిల్లాడు. రోజుకి రెండు గంటలు నిమ్మళంగా కూర్చుంటే ఒకటో తరగతి పాఠం అయిపోయి ఇంకా పొద్దు మిగులుతుంది. మీ అమెరికాలో జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో 1997లోనూ 2000లోనూ గెలిచిన పిల్లలు ఇంట్లో చదువుకున్నవాళ్ళే. కాబట్టి చదువు వెనకబడుతుందేమోనన్న బెంగ నాకు లేదు.

నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నాన్నగారు టెక్సాస్ చట్టం తవ్వుతూ కూర్చున్నారు. ఇంటి చదువుని ప్రైవేటు బడి కిందే లెక్కెయ్యాలని అక్కడి సుప్రీంకోర్టు 1994లో తీర్పిచ్చిందట. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ అయిదూ చెప్తే చాలట. రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు, పరీక్ష పెట్టనక్కర్లేదు, ఎవరూ వచ్చి చూడరు. ఆయన చదువుతుంటే నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఎంఈవోగారు వస్తున్నారంటే హాజరు రిజిస్టరు, బియ్యం లెక్క, పాఠ్య ప్రణాళిక బల్ల మీద పేర్చి నిలబడ్డ ప్రాణం నాది. విసుక్కునేదాన్ని, నిజమే. కానీ ఏడాదికోసారి ఒక బయటి మనిషి వచ్చి నా రెండో తరగతి పిల్లాణ్ణి లేపి "ఇది చదువు బాబూ" అంటే, ఆ పిల్లాడు ఎక్కడ ఆగిపోతున్నాడో నాకప్పుడే కనపడేది. రోజూ చూసే కంటికి అది ఆనదు. అడిగేవాడు లేడని నువ్వు సంబరపడుతున్నావు. నాకైతే అందులో సుఖమేమీ కనపడలేదు.

ఇంకోటి కూడా ఆలోచించు. మీరు ఆ ఊళ్ళోనే ఉంటారన్న భరోసా ఏది? అల్లుడుగారి ప్రాజెక్టు న్యూయార్క్ మారిందనుకో, అక్కడ ముందుగా తెలియజెయ్యాలి, మూణ్ణెల్లకోసారి నివేదిక పంపాలి, ఏడాది చివర మదింపు చూపించాలి. వీసా తిరకాసై హైదరాబాద్ వచ్చెయ్యాల్సి వస్తే మన చట్టం సంగతి వేరు. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలు బడిలో ఉండాలనే 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది. ఇంట్లో చదివించుకోవచ్చని అందులో లేదు, చదివిస్తే నేరమనీ లేదు. అలా చదివించేవాళ్ళు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయిస్తారు, దానికి పద్నాలుగేళ్ళు నిండాలి. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలనీ, టీసీ ఆలస్యమైందని ఆపకూడదనీ కూడా చట్టంలో ఉంది. ప్రైవేటు బడి కౌంటర్లో కూర్చున్నాయనకి చట్టం చదివి వినిపిస్తే ఏమంటాడో నీకు నేను చెప్పాలా? కాగితాలు లేని పిల్లాణ్ణి వెంటపెట్టుకుని తిరగడం తేలిక కాదు.

నువ్వు చెప్పిన కారణాల్లో తెలుగు ఒకటి. బడికెళ్తే తెలుగు పోతుందంటావు. తెలుగు పోవడం మీ వంటగదిలోనే మొదలైంది తల్లీ. "షూస్ వేసుకో, ఫాస్ట్‌గా, బస్ మిస్ అవుతావ్" అని నువ్వూ అల్లుడుగారూ వాడితో మాట్లాడే భాష ఏమిటో ఒకరోజు రికార్డు చేసి విను. అది మానితే సగం పని అయినట్టే. మిగతా సగానికి వారం చివర పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసు ఉండనే ఉంది.

వాడికి బడిలో విసుగు పుడుతోందన్నావు. మూడో తరగతి పుస్తకాలు చదివేస్తున్నవాడికి ఇంకా అక్షరాల శబ్దాలు చెప్తుంటే విసుగు రాదా మరి. వస్తుంది. దాని గురించి టీచరుతో గట్టిగా మాట్లాడు, పైస్థాయి పుస్తకాలు ఇవ్వమని అడుగు. మీరు ఆ ఇల్లు కొన్నదే ఆ బడి కోసం. ఇంటి పన్నులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్టుకే పోతుందని అల్లుడుగారే కదా లెక్క చూపించారు. టికెట్టు కొని బస్సు దిగి నడుస్తామన్నట్టుంది నీ వరస.

తుపాకుల సంగతి మాత్రం అలా తీసెయ్యలేను. ఉవాల్డే కూడా మీ రాష్ట్రమే. 2022 మే 24న బడిలో జరిగిన కాల్పుల్లో పంతొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. ఆ టీచర్ల స్థానంలో నన్ను ఊహించుకోకుండా ఎలా ఉంటాను? అక్కడున్నప్పుడు చిన్నోడు నాకో ఆట చూపించాడు. లైటు తీసేసి, తలుపుకి దూరంగా మూలన కూర్చుని, మోకాళ్ళు దగ్గరకి లాక్కుని, ఊపిరి వినపడకుండా ఉండాలి. "అమ్మమ్మా, నువ్వు కదిలావు, అవుట్" అన్నాడు. లాక్‌డౌన్ డ్రిల్లంటే అదేనని, తుపాకీతో ఎవరైనా బడిలోకొస్తే ఎలా దాక్కోవాలో నేర్పడమని తర్వాత నువ్వు చెప్పావు. ఈ భయం ఒక్కటే చాలు, బడి మాన్పిస్తానంటే నేను అడ్డం రాను. నీకు ధైర్యం చెప్పే అర్హత కూడా నాకు లేదు. కానీ మరుసటి ఏడాది మేలో మీ పక్కనే ఆలెన్‌లో కాల్పుల్లో ఎనిమిది మంది పోయింది షాపింగ్‌కెళ్ళిన చోట. అందులో మన తెలుగమ్మాయి ఒకరు. మాల్ మానలేదు, లైబ్రరీ మానలేదు, గుడి మానలేదు మీరు. మానకూడదు కూడా. మరి ఆ లెక్క బడి ఒక్కదానికే ఎందుకు వేస్తున్నావో నువ్వే చూసుకో.

టీచరు మీటింగులో "క్లాసులో ఎక్కువ మాట్లాడడు" అన్నారని నువ్వు బెంగెట్టుకున్నావు. ఫిబ్రవరిలో మనిద్దరం లంచ్‌కి వాడి బడికెళ్ళిన రోజు నేనేం చూశానో నీకు చెప్పలేదు. నువ్వు ఆఫీసులో సంతకం పెడుతున్నావు. వాళ్ళు నా పాస్‌పోర్టు చూసి, ఫోటో తీసి, అచ్చేసి జాకెట్టుకి అంటించారు. (పెళ్ళిచూపుల ఫోటోలో కూడా అంత బెదురు మొహం పెట్టలేదు నేను.) వరండాలోకి తిరిగేసరికి వాడి క్లాసు వరసగా వస్తోంది. ఆ రోజు తలుపు పట్టుకునే వంతు వాడిది. వాడి బరువుకి ఆ తలుపు ఆగదు. వీపు ఆనించి, మడమలు నేలకి తన్ని పట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టి నిలబడ్డాడు. ఒక్కొక్కరే దాటుతున్నారు. ఒకడు ముందువాణ్ణి తోశాడు. మనవాడు వేలు చూపించి ఏదో అన్నాడు, ఆ తోసినవాడు కిక్కురుమనకుండా వెనక్కెళ్ళి నిలబడ్డాడు. ఇంకో పిల్ల దాటుతూ చెవిలో ఏదో చెప్తే ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆఖరి పిల్లాడూ టీచరూ దాటేదాకా వాడు తలుపు వదల్లేదు. ఇంట్లో నువ్వు మేజోళ్ళు తొడిగితే గానీ గడప దాటని మొహం! నన్ను చూడగానే మళ్ళీ వంకర్లు తిరుగుతూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడనుకో.

టెక్సాస్‌లో నాలుగో తరగతి దాకా ఒక్కో గదిలో ఇరవై ఇద్దరికి మించి ఉండకూడదట. ఆ ఇరవై మంది దాటే తలుపు నీ ఇంట్లో ఎక్కణ్ణుంచి తెస్తావు? వారానికోసారి, ఇంట్లో చదువుకునే పిల్లలంతా కలిసే కో-ఆప్‌కి తీసుకెళ్తానన్నావు. మంచిదే. అక్కడ కూడా తలుపు నువ్వే పట్టుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు నీకు కోపమొచ్చే మాట రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వెళ్ళావు. భర్త వెంట వెళ్ళే హెచ్4 వీసా మీద, పని చేసే అనుమతి లేక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నావు. 2015లో వచ్చిన ఆ రూలు పుణ్యమా అని, గ్రీన్ కార్డు కోసం పెట్టిన అల్లుడుగారి ఐ-140 అర్జీ అయ్యాక నీకూ పని చేసుకునేందుకు ఈఏడీ కార్డు వచ్చింది. వచ్చిన రోజు ఏడ్చావు. రెండు చోట్ల ఇంటర్వ్యూ ఇచ్చావు, మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశావని అడిగారు. ఆ తర్వాత నుంచే నీ నోట ఈ ఇంటి చదువు మాట వింటున్నాను. కాదంటావా? వాడి టైంటేబుల్ ఎక్సెల్‌లో వేసి పంపావు చూడు, ఎనిమిది నుంచి మూడు దాకా పదిహేను నిమిషాలకో గడి, రంగురంగులుగా. అది చూసి నాన్నగారు మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది పిల్లాడి టైంటేబుల్‌లా లేదు, ఆఫీసు పని మీద ఆకలితో ఉన్న మనిషి చేసినట్టుంది. వాడు నీ ఉద్యోగమైతే వాడికొచ్చే ప్రతి తప్పూ నీ ఖాతాలో పడుతుంది. ఏ ఆర్నెల్లకో లెక్కల దగ్గర కన్నీళ్ళు మొదలవుతాయి. ముందు వాడివి, తర్వాత నీవి.

నేను నిన్ను అయిదో తరగతి దాకా నా బడిలోనే చదివించాను. ఊళ్ళో టీచర్ల పిల్లలందరూ కాన్వెంటు రిక్షా ఎక్కుతుంటే "సొంత పిల్లని వీధిబడిలో వేసింది" అన్నారు. ఇంట్లో నిన్ను చూసుకునేవాళ్ళు లేరు, అదే కారణం, పెద్ద ఆదర్శమేం లేదు. బడిలో నిన్ను నేను ప్రత్యేకంగా చూసింది లేదు. సాయంత్రం తాళం వేసి కాలవగట్టు మీద నడిచొస్తుంటే నువ్వు నాకే ఫిర్యాదు చేసేదానివి, "అమ్మా, ఇవాళ టీచర్ నా చేత గోడకుర్చీ వేయించింది, తప్పు నాది కాదు, పక్కదానిది" అని. నేను "అయ్యో, అలాగా" అని వినేదాన్ని. ఒక్కోసారి నవ్వాపుకోలేక చెంగు అడ్డం పెట్టుకునేదాన్ని. మధ్యలో అంత కాలవగట్టు ఉంది కాబట్టే టీచరు మీద చాడీలు చెప్పడానికి నీకో అమ్మ మిగిలింది. మీ డైనింగ్ టేబుల్ దగ్గర లెక్కల పుస్తకం మూసి అన్నం గిన్నె పెట్టే ఆ ఒక్క క్షణంలో వాడు టీచర్ని వదిలి అమ్మ దగ్గరికి ఎలా వస్తాడో నాకు తట్టడం లేదు. నీకేమైనా తడితే చెప్పు.

నా మాట ఇదీ. ఆగస్టులో వాణ్ణి ఒకటో తరగతికి పంపించు. అక్కడ ఎప్పుడు మాన్పించాలన్నా బడికి ఒక లేఖ రాసిస్తే చాలునని నాన్నగారంటున్నారు, కాబట్టి తొందరేం లేదు. సంక్రాంతి దాకా చూడు. వాడు నిజంగా నలిగిపోతుంటే, పొద్దున్నే కడుపునొప్పి నాటకాలు మొదలైతే, అప్పుడు మాన్పించు, నేనే వచ్చి పక్కన కూర్చుని చెప్తాను. అప్పుడు కూడా ఒక్క సబ్జెక్టయినా బయటివాళ్ళ చేత చెప్పించు. వాడు రాసిన పుస్తకాలన్నీ తారీఖులేసి దాచిపెట్టు. ఆ రంగుల టైంటేబుల్ మాత్రం చించెయ్.

అల్లుడుగారు నీ ఇష్టమన్నారన్నావు. ఆయన్ని కూడా కూర్చోబెట్టి తన ఇష్టమేమిటో చెప్పించు. పిల్లాడు ఇద్దరివాడు, ఇంటి బడి పెడితే ఆయన కూడా ఏదో ఒక పాఠం చెప్పాలిగా. శనివారం రాత్రి మీకు తీరికైనప్పుడు ఫోన్ చెయ్యండి, చిన్నోడు పడుకున్నాక.

పచ్చళ్ళ పార్సెల్ గురువారం వెళ్ళింది. గోంగూర కాస్త కారంగా వచ్చింది, వాడికి నెయ్యి ఎక్కువేసి కలుపు.

ఆ ప్లేనో కంపెనీ వాళ్ళు రెండో ఇంటర్వ్యూకి ఏ రోజు వీలవుతుందని అడిగారన్నావు. జవాబు రాశావా?

ఇట్లు,
అమ్మ