విమానాల మెయింటెనెన్స్‌కి ట్రైనీ టెక్నీషియన్‌గా సెలెక్ట్ చేసి, లాగ్‌బుక్ తీసుకుని, జవాబు ఇవ్వకపోవడం మీద ఫిర్యాదు

హెచ్‌ఆర్, ట్రైనింగ్, క్వాలిటీ డిపార్ట్‌మెంట్ల వారికి,

ఇన్నాళ్లూ పెట్టిన మెయిళ్లలో ఒక్కదానికీ మనిషి రాసిన జవాబు రాలేదు, "మీ మెయిల్ అందింది, త్వరలో సంప్రదిస్తాం" అని కంప్యూటర్ పంపే రెండు లైన్లే వచ్చాయి. ఎవరిని అడిగినా "అది మా డిపార్ట్‌మెంట్ కాదు" అంటున్నారు కాబట్టి ఈసారి మూడింటికీ కలిపి పంపిస్తున్నా, ఎవరి పనో మీలో మీరు తేల్చుకోండి.

నాది విశాఖపట్నం, గాజువాక. మీరు మా ఊళ్లో పెట్టిన డ్రైవ్‌లో రాతపరీక్ష రాశాను, ఇంటర్వ్యూకి కూర్చున్నాను. ప్యానెల్‌లో ఒక సార్ "నైట్ షిఫ్ట్‌లుంటాయమ్మా, వానలో కూడా ర్యాంప్ మీద, విమానాలు ఆగే చోట నిలబడాలి, చెయ్యగలవా" అంటే ఓజేటీలో, అంటే విమానాల దగ్గర చేసిన ప్రాక్టికల్ ట్రైనింగ్‌లో, చేసినవన్నీ చెప్పా, వీల్ ఛేంజ్, బ్రేక్ ఎంత అరిగిందో చూపించే వేర్ పిన్ చూడటం, బోల్ట్ వదులవకుండా కట్టే లాక్ వైర్ ఎటు లాగితే బోల్ట్ బిగుస్తుందో అటే కట్టాలని కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించా. బాగా చెప్పావన్నారు, రేపు భోగాపురం ఎయిర్‌పోర్ట్ మొదలైతే మీ ఊళ్లోనే పనిచేసుకోవచ్చని కూడా అన్నారు. తర్వాత సెలెక్ట్ అయ్యారని మెయిల్ వచ్చింది. మా నాన్నగారు వీధంతా స్వీట్లు పంచారు. వెరిఫికేషన్ అని చెప్పి నా మాడ్యూల్ (లైసెన్స్ పరీక్షల) రిజల్ట్ కాగితాలు, ఓజేటీలో చేసిన పనులన్నీ రాసిన లాగ్‌బుక్ ఒరిజినల్ తీసుకున్నారు, మీ స్టాంపు వేసిన రసీదు నా దగ్గరుంది.

ఇక అంతే. జాయినింగ్ లెటర్ లేదు, లాగ్‌బుక్ లేదు, పలికే నాథుడు లేడు.

మీ నంబర్‌కి ఫోన్ చేస్తే ముందు పాట, తర్వాత ఒకటి నొక్కండి రెండు నొక్కండి, చివరికి ఒక అబ్బాయి ఎత్తి అంతా విని "లాగిన్ పాస్‌వర్డ్ మర్చిపోయారా మేడం" అన్నాడు. లాగిన్ కాదు బాబూ, లాగ్‌బుక్, పుస్తకం అంటే హోల్డ్‌లో పెట్టాడు, లైన్ కట్. మళ్లీ చేస్తే ఇంకో అమ్మాయి, మళ్లీ మొదట్నుంచి చెప్పాలి, ఆవిడ ట్రైనింగ్ వాళ్లకి కలిపింది, వాళ్లు డాక్యుమెంట్లన్నీ క్వాలిటీ దగ్గరుంటాయన్నారు, క్వాలిటీలో ఎత్తినాయన "క్యాండిడేట్లు మాకు డైరెక్ట్‌గా ఫోన్ చెయ్యకూడదు, హెచ్‌ఆర్ ద్వారా రండి" అని విసుక్కుని పెట్టేశారు. హెచ్‌ఆర్ మేడం ఒకరు మాత్రం "రేపు సాయంత్రంలోపు నేనే చేస్తాను" అని నా నంబర్ రాసుకున్నారు, నేను నమ్మి బాత్రూమ్‌కి వెళ్లినా ఫోన్ పట్టుకునే వెళ్లాను. ఆ ఫోన్ రాలేదు. బదులుగా నా కంప్లయింట్ "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారు, ఎవరు పరిష్కరించారు?

చివరికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో మీ ఆఫీసుకే వచ్చా. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న పాపం మూడు డిపార్ట్‌మెంట్లకీ ఫోన్ చేశాడు, ఒకరు మీటింగ్, ఒకరు లంచ్, ఒకరు అపాయింట్‌మెంట్ లేకుండా పంపొద్దన్నారు. ఎండలో నిలబడితే ఆయనే కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. మీ కంపెనీ మొత్తంలో నన్ను మనిషిలా చూసింది ఆయనొక్కడే. లోపలున్నవాళ్లకి కిందకి దిగి రెండు నిమిషాలు మాట్లాడే తీరిక కూడా లేకపోయింది.

ఆ పుస్తకం ఏంటో మీ ఫోన్ ఎత్తేవాళ్లకి తెలియకపోవచ్చు, మీకు తెలుసు. తేదీ, ఏ విమానం, ఏ పని, పక్కనుండి చూసిన ఇంజనీర్ సంతకం. ఒక పేజీ మీద స్కైడ్రాల్, అంటే విమానం హైడ్రాలిక్ ఆయిల్, పడి ఊదా రంగు మరక కూడా ఉంటుంది, ల్యాండింగ్ గేర్ దగ్గర పని చేసిన రోజుది, చెయ్యి మండుతున్నా పని ఆపలేదు. 147 కోర్సు (డీజీసీఏ, అంటే విమానయాన నియంత్రణ సంస్థ, ఆమోదించిన మెయింటెనెన్స్ కోర్సు) పాసైనవాళ్లం కూడా బి1.1, అంటే జెట్ విమానాల మెకానికల్ పనికి సంతకం పెట్టే ఇంజనీర్ లైసెన్స్ కావాలంటే 2 ఏళ్లు తిరుగుతున్న విమానాల మీద పనిచేసిన అనుభవం చూపించాలి, ఏ టెక్నికల్ ట్రైనింగూ లేనివాళ్లకైతే 5 ఏళ్లు. అనుభవం రావాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి వెళ్తే ముందు లాగ్‌బుక్ చూపించమంటారు, అది మీ బీరువాలో ఉంది. మా ఊరి ఎయిర్‌పోర్ట్ చూస్తే నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాలో భాగం, నాలాంటి ఫ్రెషర్‌ని తీసుకునే, విమానాలు రిపేర్ చేసే హ్యాంగర్ ఇక్కడెక్కడుంది? పైగా లైసెన్స్‌కి చూపించే అనుభవంలో కనీసం ఏడాది ఈమధ్యదే అయుండాలి, ఖాళీగా కూర్చున్న ప్రతి నెలా నాకు నష్టమే.

ఇంకో కంపెనీ పిలిస్తే కూడా మీ మెయిల్ ఉందని వెళ్లలేదు. కాలేజీలో జూనియర్లకి మీ పేరే చెప్పేదాన్ని, చేరితే అక్కడే చేరాలని. ఇచ్చిన మాటకి మేం కట్టుబడి ఉన్నాం, మీరెందుకు లేరు?

హ్యాంగర్‌లో పని మధ్యలో షిఫ్ట్ మారితే ఎంతవరకు అయిందో రాసి అప్పగించకుండా కదలకూడదని మాడ్యూల్ 9లో, మనుషుల పొరపాట్ల గురించిన పేపర్‌లో చదివాం, అందులో 75 శాతం రాకపోతే ఫెయిల్ చేస్తారు. ఒక్క స్పానర్ లెక్క తేలకపోతే దొరికేదాకా విమానాన్ని వదలరు. అలాంటి పని చేసే కంపెనీలో ఒకమ్మాయి జీవితానికి సంబంధించిన పుస్తకం కనపడకపోతే వెతకాలని ఒక్కరికీ అనిపించలేదా? పది మంది ఫోన్ ఎత్తారు, ఒక్కరైనా నేను చెప్పింది రాసి పక్కవాళ్లకి ఇవ్వలేదు. అప్పుడే ఉద్యోగం లేదని మొహం మీద చెప్పుంటే ఇంత బాధపడేదాన్ని కాదు. ఈ పట్టించుకోకపోవడమే తట్టుకోలేకపోతున్నాను.

జాయినింగ్ ఉందో లేదో ఒక మనిషి పేరు, సంతకంతో రాసి ఇవ్వండి. ఉన్నా లేకపోయినా లాగ్‌బుక్, కాగితాలు వారం రోజుల్లో రిజిస్టర్డ్ పోస్టులో గాజువాక పంపండి. లేదంటే డీజీసీఏకి రాస్తాను, ఒరిజినల్స్ తీసుకుని తిరిగివ్వట్లేదని పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇస్తాను, లాయర్ నోటీసు కూడా పంపిస్తాం, మా మావయ్యగారు ఆల్రెడీ మాట్లాడారు. ఆ డ్రైవ్‌లో నాతోపాటు సెలెక్ట్ అయినవాళ్ల నంబర్లు కూడా నా దగ్గరున్నాయి, వాళ్లదీ ఇదే గొడవ, అందరం కలిసే వస్తాం.

రసీదు కాపీ, సెలెక్షన్ మెయిల్ జత చేశాను. మళ్లీ టికెట్ నంబర్ ఇవ్వొద్దు, ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రి చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
విశాఖపట్నం డ్రైవ్‌లో మీరు సెలెక్ట్ చేసిన బి1.1 అభ్యర్థిని