ప్యాకెట్ మీద ‘మందు’ అని ఎందుకు వేయట్లేదంటే

మా దగ్గర గుమ్మడి గింజలు తీసుకునేవారందరికీ నమస్కారం. రెండు విషయాలు చెప్పాలి.

“షుగర్ తగ్గుతుంది, ప్రోస్టేట్ నయమవుతుంది అని ప్యాకెట్ మీద వేయండి, ఇంకా బాగా పోతాయి” అని కొందరు కస్టమర్లే సలహా ఇస్తున్నారు. పోతాయి, అనుమానం లేదు. అయినా వేయం. ప్రోస్టేట్ పెరిగిన మగవారిలో మూత్రం ఇబ్బందులు కొంత తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఆ మేలు ఒక మోస్తరే, అది చూసి మాత్రలు మానేయొద్దు. కడుపులో పురుగులకు ఈ గింజలు నూరి ఇవ్వడం పాత వైద్యమే. కానీ పిల్లలకు డాక్టర్ రాసే ఆల్బెండజోల్ ఉండగా మా ప్యాకెట్‌ను నమ్ముకోవడం దేనికి?

తిండిగా మాత్రం వీటికి వంక పెట్టలేం. పొట్టు తీసిన పప్పు 30 గ్రాములు, అంటే ఓ గుప్పెడు తింటే 8 గ్రాములకు పైగా ప్రొటీన్, 2 మిల్లీగ్రాముల దాకా జింక్, 150 మిల్లీగ్రాములు దాటి మెగ్నీషియం అందుతాయి. పెద్దవాళ్లకు రోజూ కావలసిన మెగ్నీషియంలో మూడో వంతు ఇక్కడే వచ్చేస్తుంది. ఐరన్ కూడా ఉంది కానీ గింజల్లోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు. కాస్త నిమ్మరసం పిండుకుంటే నయం. గుప్పెడుకు 160 కేలరీల పైమాటే, టీవీ ముందు డబ్బా ఖాళీ చేసేవాళ్లు గమనించాలి. ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బున్నవారు డాక్టర్‌ని అడిగాకే కొనండి.

కాయ సంగతి వేరు. 100 గ్రాములకు 26 కేలరీలే, మిగతాదంతా దాదాపు నీరు. ఆ నారింజ రంగే బీటా కెరోటిన్, కొంచెం నూనెతో వండితే బాగా ఒంటబడుతుంది. ముక్క చేదుగా ఉంటే మాత్రం కాయ మొత్తం పారేయండి, వాంతులు పట్టుకుంటాయి.

ఇక రెండోది: పెద్ద ప్యాకెట్ ఆపేస్తున్నాం. పప్పు బరువులో సగం దాకా నూనే, అదీ గాలి తగిలితే త్వరగా పాడయ్యే రకం. తాజా పప్పు పటుక్కున విరుగుతుంది, నమిలితే కాస్త తియ్యగా ఉంటుంది. పాతబడితే నలిపిన వేళ్లకే పాత నూనె వాసన అంటుకుంటుంది. చిన్న ప్యాకెట్లకు కవర్ ఖర్చు ఎక్కువ, కాబట్టి కిలో లెక్కన చూస్తే రేటు కొంచెం పెరుగుతుంది. తెరిచాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. బీపీ ఉన్నవారు ఆర్డర్‌లో ‘ఉప్పు లేనివి’ అని రాయండి, అవే పంపుతాం.