పాత గాయం ఉందని కొత్త వేధింపును కొట్టేయకండి

కార్మిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఉద్యోగంలో వేధింపులపై ఫిర్యాదు ఇచ్చేటప్పుడు మా సంస్థ నింపించే ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ‘మీకు గతంలో మానసిక సమస్యలేమైనా ఉన్నాయా?’ దానికి ‘ఉన్నాయి’ అని రాస్తే చాలు, విచారణ వేధించినవారిని వదిలేసి వేధింపు పడ్డవారి మీదికి మళ్లుతుంది. నా విషయంలో అదే జరిగింది కాబట్టి మీకు బహిరంగంగా రాస్తున్నాను.

చిన్నప్పుడు మా ఇంట్లో హింస ఉండేది. ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు. పెద్దయ్యాక చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అన్నీ అందరిలాగే సాగాయి. అప్పుడప్పుడు నిద్ర పట్టకపోవడం, ఎవరైనా గొంతు పెంచితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోవడం తప్ప చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. నలభై దాటాక ఆఫీసుకు కొత్త పై అధికారి వచ్చారు. ఆయన చెయ్యి ఎత్తలేదు, బూతు మాట అనలేదు. మీటింగులో నేను మాట్లాడుతుంటే పెన్నుతో బల్ల మీద టక్ టక్‌మని కొట్టేవారు. నేను ఆగితే ఆయనా ఆపేవారు. తర్వాత అందరి వైపూ తిరిగి, నా మాటనే నా యాసలో మళ్లీ పలికి చూపేవారు. కొందరు నవ్వేవారు, మిగతావాళ్లు ల్యాప్‌టాప్‌లో తల దూర్చేవారు. గ్రూప్ మెయిళ్ల నుంచి నా పేరు తీసేసి, ఆ మెయిల్లో చెప్పిన పని ఎందుకు చేయలేదని అందరి ముందూ అడిగేవారు.

కొన్నాళ్లకు ఆ టక్ టక్ వినపడగానే అరచేతులు మొద్దుబారడం మొదలైంది. ఎదురుగా ఉన్న గది మాయమైపోయి, చిన్నప్పటి ఇంట్లో తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఉండేది. పాత సంగతి గుర్తొచ్చి బాధపడటం వేరు. ఇది ఆ క్షణంలో మళ్లీ అక్కడ ఉండటం. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి తలుపు గడియ చూసుకునేదాన్ని. పిల్లలు గిన్నె కింద పడేసినా అరిచేదాన్ని.

డాక్టరు దీన్ని ఆలస్యంగా బయటపడిన పీటీఎస్‌డీ అన్నారు, అంటే భయంకరమైన ఘటన తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బు. ఇది కొత్తగా పుట్టించిన జబ్బేమీ కాదు. ఘటన జరిగాక కనీసం 6 నెలల దాకా పూర్తి లక్షణాలు కనిపించని కేసులకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 నాటి డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో ప్రత్యేకంగా చోటిచ్చింది. 2007లో బెర్నిస్ ఆండ్రూస్, క్రిస్ బ్రూయిన్ తదితర పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ముందు ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తర్వాత హఠాత్తుగా మొదలవడం అరుదని, చాలామందిలో లోపల అణిగి ఉన్న లక్షణాలే ముదరడమో తిరగబెట్టడమో జరుగుతోందని తేల్చారు. నేను పట్టించుకోని ఆ నిద్రలేమి, గది వదిలి వెళ్లిపోవడం అవే. ఒకసారి నేర్చుకున్న స్పందన అణిగినా పూర్తిగా చెరిగిపోదని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాల నాటి నుంచీ తెలుసు. పాతదాన్ని పోలిన పరిస్థితి మళ్లీ ఎదురైతే భయం తిరిగి లేస్తుంది. నలుగురిలో అవమానం, తప్పించుకోలేని చోటు, తన మీద అధికారం ఉన్న మనిషి: ఈ మూడూ నా బాల్యంలోనూ ఉన్నాయి, ఆ మీటింగు గదిలోనూ ఉన్నాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డీఎస్ఎం-5 ప్రకారం పీటీఎస్‌డీ అనాలంటే ప్రాణాపాయమో, తీవ్రమైన గాయమో, లైంగిక హింసో లాంటి ట్రామా, అంటే మనసును లోతుగా గాయపరిచే ఘటన, ఉండాలి. మాటలతో, వెలివేతతో సాగే వేధింపు ఒక్కటే ఉంటే మామూలుగా ఆ లెక్కలోకి రాదు. అందుకని విచారణాధికారి ‘ఆఫీసులో జరిగింది ట్రామా కాదు’ అన్నారు. ట్రామా అయిన బాల్యం గురించి చెబితే ‘అది ఆఫీసులో జరగలేదు’ అన్నారు. పైగా మొదటి ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వలేదని గడువు చూపించారు. తనకేమవుతోందో తనకే అర్థం కాని మనిషి ఆ గడువులోపు ఏమని రాసిస్తుంది? చివరికి నా చేతికొచ్చిన కాగితంలో ‘ఫిర్యాదుదారు అతి సున్నితత్వం’ అని ఉంది. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో అది చదివినప్పుడు తెలిసింది.

శరీరానికి దెబ్బ తగిలినప్పుడు చట్టం ఇలా మాట్లాడదు. ఇంగ్లండ్‌లో 1960ల తొలినాళ్లలో తీర్పు వచ్చిన ఒక కేసు చూడండి. పనిలో ఉండగా కరిగిన లోహం చింది ఒక కార్మికుడి పెదవి కాలింది. అతనికి అంతకుముందే క్యాన్సర్‌కు దారితీసే స్థితి ఉంది. ఆ కాలిన గాయం క్యాన్సర్‌గా మారి అతను చనిపోయాడు. అతనిది ముందే బలహీనమైన శరీరం కాబట్టి మా బాధ్యత లేదన్న వాదన చెల్లలేదు. మరణానికి యాజమాన్యమే బాధ్యత వహించాల్సి వచ్చింది. గాయపడ్డ మనిషి ఎలా ఉంటే అలాగే లెక్కలోకి తీసుకోవాలన్నదే అక్కడి సూత్రం. మనసుకు తగిలిన దెబ్బకు వేరే న్యాయం ఎందుకు?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం 2021 జూన్‌లో అమల్లోకి వచ్చింది. మానసిక హాని కలిగించే ప్రవర్తన కూడా వేధింపేనని, అది ఒక్కసారి జరిగినా లెక్కలోకి వస్తుందని అందులో స్పష్టంగా ఉంది. మీ శాఖ నిబంధనలు కూడా ఆ మాటనే పట్టుకోవాలి. గడువును మొదటి ఘటన నుంచి కాకుండా చివరి ఘటన నుంచో, డాక్టరు జబ్బును గుర్తించిన రోజు నుంచో లెక్కించాలి. పాత గాయాన్ని ఫిర్యాదు కొట్టేయడానికి కారణంగా వాడకూడదని రాతపూర్వకంగా చేర్చాలి. ఆ వివరం డాక్టరు దగ్గర ఉంటే చాలు, హెచ్ఆర్ ఫైల్లోకి రానక్కర్లేదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. విచారణ నడుస్తున్నంత కాలం ఫిర్యాదు చేసినవారిని అదే అధికారి కింద ఉంచకండి. ఈ జబ్బుకు మంచి చికిత్స ఉంది. ట్రామాపై దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనల, ప్రవర్తనల తీరు మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్‌ను (కళ్ల కదలికల సాయంతో చేసే చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసింది. నాకూ దానివల్ల నిద్ర తిరిగొచ్చింది. కానీ థెరపిస్టు దగ్గర కూర్చుని ‘ఇప్పుడు నాకు ప్రమాదం లేదు’ అని మనసుకు నేర్పి, మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్లాల్సి వచ్చినన్నాళ్లూ మందుగానీ మాటగానీ పనిచేయలేదు. బదిలీ చేయమని అడిగితే, విచారణ తేలేదాకా కుదరదన్నారు. బదిలీ ఎవరికన్నది మీరే నిర్ణయించండి. వేధించారని ఆరోపణ ఉన్నవారిని కదిపినా సరే, ఫిర్యాదు చేసినవారు కోరుకుంటే వారినే పంపినా సరే. ఒక వారంలోపు జరగాలి, జీతంలోగానీ హోదాలోగానీ కోత పడకూడదు.

నిబంధనలు సవరించే ముందు ఇలాంటి ఉద్యోగులతో, వాళ్లకు చికిత్స చేసే డాక్టర్లతో మీ అధికారులను ఒకసారి కూర్చోబెట్టండి. పిలిస్తే నేను వస్తాను. నా ఫిర్యాదు, దాని మీద వచ్చిన జవాబు, వైద్య పత్రాలు మీ కార్యాలయానికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక ఉద్యోగిని