ఉమ్మడి లాఫ్ట్‌కు పావురం పిల్లల్ని పంపే ముందు

హన్మకొండ,
మే 12

దోస్తూ,

నీ ఉత్తరం అందింది. కరీంనగర్ల ఎండ ఎట్లుందో నువ్వు రాయకున్నా ఎరుకే. ఇక్కడ భద్రకాళి చెరువు కట్ట మీద కూడ గాలి ఆడుతలేదు. ఈసారి ఉమ్మడి లాఫ్ట్ పందేనికి, అంటే అందరి పావురాలనూ ఒకటే గూటింట్ల పెంచి ఎగిరేసే పందేనికి, 6 పావురం పిల్లల్ని పంపుత అన్నవు. పంపు, మస్తు సంతోషం. కానీ నువ్వు రాసిందంతా ఫైనల్ రోజు గురించే ఉంది. ఈ పందెంల నీ చేతుల ఉండేది మొదటి 35, 40 దినాలే. ఆ తర్వాత దాణా, మందు, ఎగిరేసుడు, తీస్కపోయి వదులుడు అంతా లాఫ్ట్‌వాళ్లదే. అందుకే ఆ 40 దినాల ముచ్చటే ఎక్కువ రాస్తున్న, విసుగు పడకు.

మన క్లబ్బు పందేలల్ల ఎవరి పావురం వాళ్లింటికి వస్తది. దూరాన్ని పట్టిన సమయంతోని భాగించి నిమిషానికి ఎన్ని మీటర్లో లెక్క గడ్తరు. గాలి ఒక పక్క కొడితే ఆ పక్క ఇండ్లున్నోళ్లకు కలిసొస్తది. ఉమ్మడి లాఫ్ట్‌ల ఆ లొల్లి లేదు. అందరి పిల్లలూ ఒకటే కప్పు కింద పెరుగుతయి, ఒకటే దాణా తింటయి, ఒకటే చోట నుంచి లేస్తయి. ముందు లోపలికొచ్చిందే గెలుస్తది. దక్షిణాఫ్రికాల సన్ సిటీ దగ్గర 1996ల మొదలైన మిలియన్ డాలర్ పందెం ఈ పద్ధతిదే. పెంచేటోని చేతి పనితనాన్ని పక్కకు పెడితే మిగిలేది తల్లిదండ్రుల జత రక్తం. నువ్వు కట్టే ఫీజుకు నీకు దొరికేది అది. అందుకని 6 జతల నుంచి ఒక్కొక్కటి తియ్యకు. 3 జతల నుంచి ఒక గూటి పిల్లల్ని రెండేసి పంపు. ఒక్కటే పోయి అది తప్పిపోతే డేగ ఎత్తుకపోయిందో, తెలివి లేక పోయిందో నీకెట్ల తెలుస్తది? అన్నాచెల్లెలు ఇద్దరూ ప్రతి వదులుడుకూ ముందు గుంపుల వస్తే ఆ జతను గట్టిగ పట్టుకోవచ్చు.

మిరుగు (మృగశిర కార్తె) దాటేదాక జత కట్టకు. ఈ ఎండకు పొదిగే పావురం మాటిమాటికి నీళ్లకు లేస్తది, గుడ్డుల పిల్ల ఎండిపోతది. జూన్ 10న కడితే 8, 10 దినాలకు మొదటి గుడ్డు, ఒక రోజు విడిచి రెండోది. మొదటి గుడ్డు పెట్టంగనే తీసి దూదిల దాచి, దాని జాగల చెక్క గుడ్డు పెట్టు. రెండోది పెట్టినంక రెండూ కలిపి కింద పెడితే పిల్లలు ఒకటే రోజు బయటికొస్తయి. లేకపోతే ముందు పుట్టింది మెడ సాచి మేతంతా గుంజుకుంటది, చిన్నది చిన్నగనే ఉండిపోతది, ఆ చిన్నది లాఫ్ట్‌ల బతుకది. 17, 18 దినాలు పొదుగుతే జులై 8, 10 నాటికి పిల్లలు. ఆగస్టు 15 నాటికి పంపే ఈడు. ఫిబ్రవరిల ఫైనల్ పెట్టుకున్నరంటే అప్పటికి 7 నెలల పావురం, అది సరైన ఈడే.

కాలికి నంబరున్న రింగు, పిల్లకు 6 నుంచి 8 దినాల మధ్య ఎయ్యి. ముంగటి మూడు వేళ్లు కలిపి రింగుల దూర్చి, కాలు మీదికి జరిపి, వెనక వేలును మెల్లగ బయటికి గుంజాలె. తెల్లారి చూసుకో, జారిపోతే మళ్ల ఎయ్యి. 10 దినాలు దాటితే కీలు మీంచి ఎక్కది. బలవంతం చేసినవంటే కాలు వాస్తది, అతుకు లేని రింగు కాబట్టి కోసి తీసుడే.

దాణా సంగతి. మొదటి వారం తల్లిదండ్రుల గొంతుసంచి పాల మీదనే పిల్ల పెరుగుతది, కాబట్టి మేపాల్సింది తల్లిదండ్రుల్ని. 100 పాళ్లల్ల జొన్నలు 30, మక్కలు 25, బఠాణీలు 20, గోధుమలు 15, పెసర్లు 5, కుసుమలు 5 కలుపు. మామూలు రోజుల పెద్ద పావురానికి 30 గ్రాములు చాలు, పిల్లలున్నప్పుడు దానికి డబుల్ తింటది, కొలవకుండ పెట్టు. గవ్వ పొడి, ఇటుక పొడి, జర ఉప్పు కలిపిన గ్రిట్ రోజూ ఉండాలె. అది లేకుంటే పిల్ల కాళ్లు వంకర పోతయి. మక్కల దగ్గర మాత్రం పైసలకు చూడకు. ఎనుమాముల మార్కెట్ల వానకాలం సస్తగ దొరికే మక్కలల్ల తేమ ఉంటది, మొన దగ్గర పచ్చగనో నల్లగనో బూజు కనవడ్తది. ఆ బూజు విషం లివర్‌ను తింటది. పావురం పైకి మంచిగనే కనిపిస్తది, దూరం పోయినప్పుడు కూలవడ్తది. గింజ పంటితోని కొరికితే టక్కున పలగాలె, మెత్తగ అణిగితే వద్దు.

25 నుంచి 28 దినాలకు తల్లి నుంచి విడదీయి. ఆ దినం ముక్కు నీళ్లల్ల ముంచి చూపెట్టాలె, లేకుంటే గింజ తిని నీళ్లు తాగక పిల్ల ముడుచుకుంటది. ఇగ అన్నిటికన్న ముఖ్యమైన మాట: పంపే పిల్లల్ని ఒక్కసారి కూడ మిద్దె మీదికి ఇడువకు. కరీంనగర్ కప్పు చుట్టూ నాలుగు రోజులు తిరిగిందంటే అదే ఇల్లు అనుకుంటది. లాఫ్ట్‌ల తలుపు తెరిచిన మొదటి రోజే నీ దిక్కు లేస్తది, దారి తెల్వక నడుమల పోతది. మొదటి పెద్ద ఈక రాలకముందే పంపాలె. అది సుమారు ఆరు వారాలప్పుడు రాలుతది.

టీకా మర్చిపోకు. పారామిక్సో అనే వైరస్ రోగం రాకుండ ఏసే టీకా 0.2 మిల్లీలీటర్లు, మెడ వెనక కింది భాగాన చర్మం కింద, నాలుగో వారంల. తలకు దగ్గరగ గుచ్చకు, అక్కడ నరాలు, నెత్తురు నాళాలు ఎక్కువ. బలం రావడానికి వారాలు పడతది కాబట్టి పంపే ముందురోజు ఏస్తే ఫాయిదా లేదు. గొంతుల పసుపు పొర ఉందా అని ప్రతి పిల్ల నోరూ తెరిచి చూడు, అది క్యాంకర్ అనే గొంతు రోగం. రెట్టలు ఒక పొట్లం కట్టి పశువుల డాక్టర్‌కు చూపెట్టు, పురుగుల గుడ్లు, కాక్సీడియా అనే పేగుల పరాన్నజీవి తెలుస్తయి. చూపెట్టకుండ మందు మాత్రం పొయ్యకు.

ఇంత చేసి పంపినా లాఫ్ట్ మంచిది కాకుంటే అంతా బూడిదల పోసినట్టే. వందల ఇండ్ల పిల్లలు ఒక్క దగ్గర చేరితే వందల ఇండ్ల రోగాలు కూడ చేరుతయి. అందరికన్న ముందు వచ్చినయి కుదురుకుంటయి, తర్వాత ఇంకో బండి కొత్తవి దిగుతయి, పాతవాటికి మళ్ల రోగం అంటుకుంటది. పచ్చటి నీళ్ల రెట్ట, కక్కుడు, మేత దిగని గొంతుసంచి, ఇవి కనవడ్డయంటే వారంల పదులు పోతయి. కాబట్టి ఫీజు కట్టే ముందు అడుగు: కొత్తవాటిని వేరుగ ఎన్ని దినాలు పెడ్తరు? ఒక్క గదిల ఎన్ని పెడ్తరు? పోయినేడు ఎన్ని వచ్చినయి, ఫైనల్‌కు ఎన్ని ఎక్కినయి? ఈ చివరి ప్రశ్నకు లెక్క చెప్పకుండ బహుమతి ముచ్చటే చెప్పెటోని దగ్గరికి పంపకు. ప్రతి వదులుడు తర్వాత వచ్చినయి ఎన్ని, రానియి ఎన్ని అని రింగు నంబర్లతోని పెట్టే లాఫ్ట్ అయితే నమ్మొచ్చు. ఇంకో రెండు అడుగు. పోయిన పిల్లకు బదులు ఇంకోటి పంపనిస్తరా? పందెం అయినంక పావురం ఎవరిది? చాన చోట్ల వేలం పెట్టి పైసలు పంచుకుంటరు. నీ మంచి రక్తం వేరేటోని గూటికి పోతదని ముందే ఎరుకుంటే బాధ తక్కువ.

శిక్షణ ఎట్ల నడుస్తదో తెలిసుంటే వాళ్లు తొందరపడుతున్నరా లేదా పసిగట్టొచ్చు. లాఫ్ట్ మన హన్మకొండ దిక్కే అనుకో. మొదట ఒక నెల దాక కప్పు చుట్టే తిరగాలె, రోజూ గంట దాక గుంపుగ ఎగిరితేనే బుట్టల పెట్టాలె. అక్కడి నుంచి హసన్‌పర్తి, తర్వాత 30 కిలోమీటర్ల మీద జమ్మికుంట, ఆ మీదట పెద్దపల్లి 70, మంచిర్యాల 97, కాగజ్‌నగర్ 148, బల్లార్షా 205. ఇవన్నీ ఆకాశం దారి లెక్క. బల్లార్షా రైలు దారి మీద అన్నీ ఉత్తరంగ ఒకటే గీత లెక్క ఉన్నయి, పిల్లకు దిక్కు మారదు. దగ్గరి జాగల నుంచి రెండు మూడు సార్లు వదలకుండ 10 నుంచి నేరుగ 70కి పోయినోళ్లు సగం గుంపు పోగొట్టుకుంటరు. నాగపూర్ 353. నిమిషానికి 1200 మీటర్లతోని వస్తే 4 గంటల 54 నిమిషాలు, 1000 అయితే 5 గంటల 53 నిమిషాలు. పొద్దున 7కు వదిలితే ఒంటిగంట లోపల వచ్చెయ్యాలె. చలికాలం గోదావరి మీద మంచు దిగుతది, అది తేలిపోయేదాక వదలొద్దు. సంక్రాంతి ముందు వెనక వారం అసలే వద్దు, మాంజా తెంపిన రెక్క మళ్ల పందేనికి పనికిరాదు.

ఇంకొకటి. కాలికున్న చిప్ రింగు లాఫ్ట్ లోపలున్న యాంటెన్నా మీదికి వచ్చినప్పుడే గెలుపు లెక్క. కప్పు మీద కూసుండి ఐదు నిమిషాలు ఈకలు దువ్వుకుంటే ముందొచ్చినా వెనకే. దీనికి అలవాటు నీ దగ్గరే మొదలవుతది. తల్లి నుంచి విడదీసిన దినం నుంచి డబ్బాల గింజలు గలగల ఆడించి, అదే సప్పుడు మీద మేత పెట్టు. మొత్తం ఒకేసారి పొయ్యకు, పిడికెడు పిడికెడు వెయ్యి. మేతకు ఉరికొచ్చే పిల్లకు ఏ లాఫ్ట్‌లనైనా లోపలికి దూకుడు తొందరగ వస్తది.

పంపేటప్పుడు ముందు రాత్రి సగం మేత, పొద్దున నీళ్లు మాత్రమే. డబ్బాల ఒక్కొక్కటి తోక విరగకుండ తిరిగేంత జాగ ఉండాలె, కింద వరిపొట్టు, నాలుగు దిక్కులా బొక్కలు. పొద్దుగూకినంక బయలుదేరితే ఎండ తాకది. రింగు నంబర్లు రెండు చోట్ల రాసుకో, కార్డుల ఒక్క అంకె తప్పినా పావురం నీదని చూపెట్టుడు కష్టం.

ఏ మూడు జతలు ఎంచినవో, వాటి పాత పిల్లలు ఎంత దూరం నుంచి వచ్చినయో రాసి పంపు. మిరుగుకు ఇంక నాలుగు వారాలే ఉంది.

నీ దోస్తు