గాలి చూడకుండా గాలం వేటకా?

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో సూర్యలంక, మచిలీపట్నం వైపు గాలం వేటకు వెళ్లమంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాం. ఏ దారిన వెళ్లాలో, ఎక్కడ బస చేయాలో, ఏం తినాలో అన్నీ రాశారు. గాలి ఊసే లేదు. ఫాల్గుణ చైత్రాల్లో మన తీరాన చేప పడేదీ పడనిదీ తేల్చేది గాలే. అది చూసుకోకుండా మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు బండి తోలితే కళ్లలో ఇసుక తప్ప ఏమీ దక్కదు.

హైదరాబాద్‌లో ఆకు కదలని రోజున కూడా తీరంలో గాలి హోరెత్తుతుంది. మార్చి, ఏప్రిల్‌లో నేల కాగినంత తొందరగా సముద్రం కాగదు. అందుకే పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి మొదలై మధ్యాహ్నానికి ముదురుతుంది. దక్షిణపు గాలి దానికి తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. తెల్లవారుజాము నుంచి తొమ్మిది గంటల దాకానే మంచి వేళ. శనివారం టిఫిన్ చేసి బయలుదేరేవాళ్లు సరిగ్గా చెడ్డ వేళకు ఒడ్డుకు చేరతారు.

గంటకు 20 కిలోమీటర్ల లోపు గాలి ఇబ్బంది పెట్టదు. 20 నుంచి 28 మధ్య అలల మీద తెల్లటి నురగ తలలు తరచుగా లేస్తాయి. దారానికి కట్టే సీసం గుండు బరువు పెంచితే ఒడ్డు నుంచి వేట సాగుతుంది, చిన్న పడవ మాత్రం దింపకూడదు. 30 దాటితే ఒడ్డున కూడా దండగ. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. ఫోన్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది సగటు వేగం. మధ్యమధ్య ఒక్కసారిగా వచ్చే గాలి విసురు ఎంతో పక్కన వేరే అంకె ఉంటుంది, దాన్ని చూడాలి.

వేగం కన్నా ముందు దిక్కు. సూర్యలంక తీరం దాదాపు దక్షిణాగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి దక్షిణపు గాలి నేరుగా ముఖాన కొడుతుంది. మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరం తూర్పు ముఖం. అదే గాలి అక్కడ పక్కనుంచి వీస్తుంది, నైరుతికి తిరిగితే కాస్త వీపు వైపుకు వస్తుంది. ఒకే రోజు ఒకచోట వేట చెడి, ఇంకోచోట సాగేది ఇందుకే. అయితే మంగినపూడిలో నీళ్లు లోతు తక్కువ, అడుగున నల్లమట్టి. ఇసుకలో పట్టు నిలిచే పిరమిడ్ సీసం ఆ మట్టిలో కూరుకుపోతుంది. అక్కడ బల్లపరుపు సీసమే వాడాలి.

ఇక సరంజామా. పదకొండడుగుల రాడ్ (గాలం కర్ర), 5000 సైజు రీల్ (దారం చుట్టే చక్రం), 20 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (జడలా అల్లిన) దారం చాలు. దారం ఎంత సన్నగా ఉంటే గాలికి అంత తక్కువ దొరుకుతుంది. అయితే బ్రెయిడ్ తేలిక. విసిరాక వదులుగా గాల్లో తేలే దారాన్ని అలాగే చుట్టేస్తే, మరుసటి విసురులో ఆ వదులు చుట్లు గుత్తిగా ఊడివచ్చి ముడిపడతాయి. చాలామంది రీల్‌ని తిడతారు గానీ తప్పు చేతిది. సీసం నీటిని తాకే క్షణాన వేలితో దారాన్ని ఆపాలి, దారాన్ని రీల్‌లోకి మళ్లించే కమ్మీని చేత్తోనే మూయాలి, రాడ్ ఎత్తి దారం బిగిశాకే చుట్టాలి. రీల్‌లో దారం ఉండే స్పూల్‌ని అంచు దాకా నింపకూడదు, 3 మిల్లీమీటర్లు వెలితి ఉంచాలి.

మామూలు రోజున 60 గ్రాముల సీసం ఆగే చోట గాలి రోజున 100 నుంచి 120 కావాలి. రాడ్ మీద రాసిన బరువు పరిమితి చూసుకోండి, అది మించితే విసురులోనే విరుగుతుంది. 120 గ్రాములు విసరాలంటే బ్రెయిడ్ ముందు 40 పౌండ్ల నైలాన్ లీడర్ (కొసన కట్టే మందపు దారం) తప్పదు. దాని పొడవు రాడ్‌కు రెట్టింపు, దానికి తోడు రీల్ మీద నాలుగైదు చుట్లు పడేంత ఉండాలి. అది లేకుండా విసిరితే దారం తెగుతుంది, తెగిన సీసం పక్కవాడి తలకు తగిలితే ప్రాణం మీదికొస్తుంది. హుక్ కట్టే దారం 30 సెంటీమీటర్లు మించితే గాల్లో మెలికలు తిరుగుతుంది. పండుగప్ప కోసమైతే ఆ ముక్క కూడా మందంగా ఉండాలి, దాని మొప్ప కప్పు అంచు బ్లేడులా కోస్తుంది.

పక్కగాలిలో రాడ్‌ని నిటారుగా పాతితే దారం విల్లులా వంగి సీసాన్ని లాగేస్తుంది. కాస్త గాలి వచ్చే వైపుకు, ఎత్తు లేకుండా విసిరి, రాడ్ కొనను దించాలి. దారం వంగినప్పుడు చేప కొరికింది చేతికి తెలియదు. అందుకే మొన లోపలికి వంగిన సర్కిల్ హుక్ మేలు. 4/0 సరిపోతుంది. దానితో గుంజకూడదు, చేప తిరిగి పోతుంటే అదే మూతి మూలన దిగుతుంది. కలక నీటిలో ల్యూర్ (బొమ్మ ఎర) కనబడదు. వాసన వచ్చే కానగంత ముక్క, పచ్చి రొయ్య వేయండి.

గాలి మరీ ముదిరితే సముద్రాన్ని వదిలి ఉప్పుటేరు గట్టు ఎక్కాలి. గాలి చాటున కూర్చోవడం హాయే గానీ, చిన్న చేపల్నీ రొయ్యల్నీ గాలి నెట్టేది ఎదుటి గట్టుకు. పండుగప్ప అక్కడే కాపు కాస్తుంది. పాటు (నీరు వెనక్కి తీసే వేళ) మొదలైన రెండు గంటలు, తేట నీరూ కలక నీరూ కలిసే గీత వెంట వేయాలి.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం పాటు వేళ పడవ వద్దు. బయటికి పోయే నీటికి దక్షిణపు గాలి ఎదురైతే అలలు గోడల్లా నిటారుగా లేస్తాయి. ఏటిలో లంగరు వేసినా ముందు భాగం నుంచే వేయాలి, లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు తాడు వదలాలి. వెనక నుంచి కడితే నీళ్లు పడవలోకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజిన్ పడవల వేటకు నిషేధం, డబ్బిస్తాం తీసుకెళ్లమని బతిమాలకండి. సాయంత్రం ఉరిమితే కార్బన్ రాడ్ కింద పడేసి దూరంగా వెళ్లండి, అది మెరుపుకు కడ్డీయే.

ఒక మనవి. మీరు రోజూ తిథి వేస్తున్నారు. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోటు, అష్టమి దాటాక చిన్న పోటు, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. సగం లెక్క అక్కడే ఉంది. మిగతా సగం, అంటే గాలి, అల ఎత్తు, పోటు వేళలు, మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ వెలువరిస్తుంది. గాలి లేకపోయినా దూరపు సముద్రం నుంచి వచ్చే ఉప్పెన లాంటి అలల హెచ్చరికలూ అక్కడివే. బాపట్ల, మచిలీపట్నం, కాకినాడలకు నాలుగు వరుసల పట్టిక చాలు. శుక్రవారం వేయండి. శనివారం వేస్తే చదివేవాళ్లు అప్పటికే విజయవాడ దాటి ఉంటారు.

ఇట్లు,
ఉప్పునీటి గాలం వేటగాళ్లు కొందరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్